2024-25 వార్షిక నివేదిక: మహిళా ఆరోగ్య కార్యక్రమాలు, ఇతర పనులు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లోనే ఉంది. దానిమీద సందేహాలుంటే కోశాధికారిని అడగండి, నన్ను మాత్రం వదిలేయండి. కుట్టు శిక్షణ యథావిధిగా సాగింది. గ్రంథాలయం గది పైకప్పు బాగు చేయించాం, వానలకు మళ్లీ కారింది, మళ్లీ బాగు చేయించాం. కార్తీక వనభోజనాలకు ఎప్పటిలాగే జీడితోటలోకి వెళ్లాం. మిగతా నివేదికంతా ఆడవాళ్ల ఆరోగ్యం గురించే. సంఘం ఆసుపత్రి వరండాలా తయారయిందని కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. నవంబరులో శాసనసభ స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది. ఆ వార్తను మన సమావేశంలో చదివి వినిపిస్తుంటే వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచారు. "మూడో కూతురు పుట్టిందని నన్ను వార్డుకు నిలబడనివ్వలేదు. ఇప్పుడేమో కనండి, కనండి అంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ నన్ను అడిగిందెవరు?" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఎజెండా ముందుకు కదల్లేదు.

ఆ నిబంధన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోది. అదే 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ జనాభా సదస్సులో 179 దేశాల్లో ఒకటిగా మన దేశమూ కూర్చుని, ఎంతమందిని కనాలో, ఎప్పుడు కనాలో, కాన్పుకు కాన్పుకు ఎంత ఎడం ఉండాలో తేల్చుకునే హక్కు ఆ దంపతులది, ఆ వ్యక్తిది అని ఒప్పుకుంది. అక్కడ ఒప్పుకున్న మాట ఇక్కడి గడప దాకా రాలేదు. మనకొక్కరికే జరిగిందని కాదు. పెరూలో అధ్యక్షుడు ఫుజిమోరి ప్రభుత్వం 1990ల చివర్లో రెండున్నర లక్షలకు పైగా ఆడవాళ్లకు కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు చేయించింది. వారిలో ఎక్కువమంది కొండప్రాంతాల ఆదివాసులు, పేదలు. ఏం చేస్తున్నారో తమకు చెప్పలేదని, బెదిరించారని వేలమంది తర్వాత ఫిర్యాదు చేశారు. మన దేశంలో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లాలో ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ వారంలో పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో మానేయాలని ఆదేశించింది.

మన రాష్ట్రం సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మగవారి ఆపరేషన్ మన దగ్గర అర శాతం కూడా లేదు.

గర్భసంచి ఆపరేషన్లు

జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం కాశీబుగ్గలో నెలనెలా పెట్టిన సమావేశాలే ఈ ఏడాది మన పనిలో ముఖ్యమైనవి. రక్తహీనత గురించి చెబుదామని వెళ్లాం. వాళ్లకు కావలసింది వేరు. జీడిరసం అంటి వేళ్ల చర్మం నల్లబడి పొక్కిపోయిన చేతులతో చీరల దుకాణం సంచుల్లోంచి స్కానింగ్ కాగితాలు తీసి మా ముందు పరిచారు. వారిలో ముప్పై మూడేళ్ల ఒక సోదరి సంచి ఇంకా నా కళ్లముందే ఉంది. చుట్టలు చుట్టుకుపోయిన స్కానింగ్ ఫిల్ములు, ఒకరి రాత ఒకరికి పొంతన లేని మందుల చీటీలు, అడుగున ఆపరేషన్‌కు ఎంతవుతుందో రాసిచ్చిన కాగితం. బాధ తెల్లబట్ట, నడుంనొప్పి. "గర్భసంచి పుండు పడింది, తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. అన్నది ఊళ్లో మందులిచ్చే ఆర్‌ఎంపీ. స్కానింగ్‌కు, ఆ తర్వాత ప్రైవేటు ఆసుపత్రికి దారి చూపించిందీ ఆయనే. డ్వాక్రా సంఘంలో అప్పుకు ఆమె అప్పటికే పేరు రాయించుకుంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలు పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం చూసి, అది ఇన్ఫెక్షన్ అని తేల్చి మాత్రలు రాశారు. భార్యాభర్తలిద్దరూ వాడాలన్నారు. ఆమె బాధకు తానెందుకు మాత్రలు మింగాలని భర్త గట్టిగానే వాదించాడు. వాళ్ల వదిన వెళ్లి కూర్చుంటే గానీ దారికి రాలేదు. మందులు పూర్తయ్యేసరికి బాధ తగ్గింది. గర్భసంచి ఉన్నచోటే ఉంది, అప్పు తప్పింది.

ఇది ఒక్కరి కథ కాదు. అదే జాతీయ సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో నూటికి ముగ్గురుంటే మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. దేశంలోకెల్లా ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే కు.ని. ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఏ చిన్న బాధ వచ్చినా, "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దానితో పనేముంది?" అని ఇంట్లోవాళ్లే అంటారు. నెలసరిలో కూలి పోతుందని ఆమె కూడా సరేనంటుంది. పని చేసే చోట సరైన మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని కూర్చునే మనిషికి మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి రాక ఏమవుతాయి? దానికి మందు గోడకు అవతల కట్టాల్సిన మరుగుదొడ్డి. ఆ మాట యజమానులతో చెప్పాం. కొందరు కట్టించారు. కొందరు వింటున్నారు, అంతే.

గడ్డలు పెద్దవై రక్తం ఆగకపోయినా, క్యాన్సర్ అని తేలినా ఆపరేషన్ చేయించుకోవలసిందే. మన సంఘం ఆపరేషన్‌కు వ్యతిరేకమని ప్రచారం చేసేవారికి ఈ వాక్యం చూపించండి. మేం చెప్పేదల్లా తొందరపడవద్దనే. అధిక రక్తస్రావానికి ముందు మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ సాధనం ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఆ మరునాడే మొదలైనట్టు. ఎముకల బలం తగ్గుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే అలసిపోయే అవకాశం ఎక్కువ. అనవసరంగా గర్భసంచి తీయకుండా చూడటానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఈ సంగతి తెలిసిన మనిషి వెంట ఉంటే ఆసుపత్రిలో మాట్లాడే తీరు మారుతుందని మేం గమనించాం.

గర్భసంచి జారడం గురించి అడిగినవారు కూడా ఎక్కువే, ముఖ్యంగా కాన్పయిన నెలకే నెత్తిన బరువెత్తినవాళ్లు. సిగ్గుతో ఏళ్లతరబడి దాచుకున్నారు. నేపాల్‌లో ఇదే బాధ మీద కోర్టుకెక్కితే అక్కడి సుప్రీంకోర్టు 2008లో ఇది ఆడవాళ్ల ప్రత్యుత్పత్తి హక్కులకు సంబంధించిన విషయమని, ప్రభుత్వం పట్టించుకుని తీరాలని తీర్పు చెప్పింది. ఆ సంగతి వినిపించాక ఒకావిడ "అయితే ఇది మా కర్మ కాదన్నమాట" అన్నారు. తొలిదశలోనైతే వ్యాయామాలతో, లోపల అమర్చే రింగుతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

సంతకం

తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో జరిగిన విషయం. భర్త గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద పనికి వెళ్లాడు. మన తీరంలో ఇది కొత్త కాదు. ఇద్దరు పిల్లల తర్వాత ఆమెకు మళ్లీ గర్భం నిలిచింది. వద్దనుకుంది. ఒక ఆసుపత్రిలో భర్త సంతకం తెమ్మన్నారు. బోటు సముద్రంలో ఉన్నప్పుడు ఫోను కలవదు. వారాలు మాత్రం ఆగవు కదా. ఆమె మెడికల్ షాపులో మాత్రలు కొందామనుకుంటుండగా ఆశా కార్యకర్త మా దగ్గరకు తీసుకొచ్చింది.

1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావం చేయించుకోవడానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్తది, అత్తది, తండ్రిది అక్కరలేదు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక వైద్యుని అభిప్రాయం, 24 వారాల దాకా నిర్దేశించిన కొన్ని పరిస్థితుల్లో ఇద్దరి అభిప్రాయం ఉండాలి. గర్భనిరోధక సాధనం విఫలమైతే అదీ చట్టం గుర్తించిన కారణమే, పెళ్లయినా కాకపోయినా. పెళ్లికాని స్త్రీలకు కూడా 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తేల్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టడం నేరం. కు.ని. ఆపరేషన్‌కు కూడా జీవిత భాగస్వామి సమ్మతి అవసరం లేదని కేంద్రం ప్రమాణాల్లోనే ఉంది. ఇవన్నీ ఒక కాగితంపై తెలుగులో అచ్చు వేయించాం. విశ్రాంత ఉపాధ్యాయురాలైన మన సభ్యురాలు ఆ కాగితం పట్టుకుని ఆమెతో వెళ్లారు. ఆ రోజే పని జరిగింది.

మాత్రలతో గర్భస్రావం 9 వారాల దాకా, అదీ వైద్యుల చీటీతోనే. గర్భం నాళంలో నిలిచి ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ప్రాణం మీదికి వస్తుంది. షాపులో కొనుక్కుని ఇంట్లో గుట్టుగా మింగినవాళ్లకు ఆ సంగతి చెప్పేవారుండరు.

ఈ కాగితం విషయంలో కార్యవర్గంలో పెద్ద రగడే అయింది. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకునేవారికి మనం దారి చూపిస్తున్నామా అన్నది కొందరి అభ్యంతరం. లింగనిర్ధారణ 1994 చట్టం కింద నేరం, గర్భస్రావానిది వేరే చట్టం. రెండింటినీ కలిపేసి భయపడి ఆసుపత్రులు హక్కున్నవాళ్లను కూడా వెనక్కి పంపుతున్నాయి. ఈ వాదనతో అందరూ ఏకీభవించలేదు. కాగితం మాత్రం పంపిణీ అవుతూనే ఉంది.

ఇతర అంశాలు

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు టీకా ఉందని చెబితే తల్లులు మొదట అడిగింది "ఖమ్మంలో జరిగినట్టు జరగదు కదా?" అని. 2009-10లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో జరిగిన టీకా అధ్యయనంలో హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. అందులో పాల్గొన్న కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తూర్పారబట్టింది. తల్లుల భయం అజ్ఞానం కాదని, టీకా మంచిదేనని, రెండూ చెప్పాం. ముప్పై ఏళ్లు దాటినవారు చేయించుకోవలసిన ఆ క్యాన్సర్ పరీక్షకు మాత్రం ఎక్కువమందే వచ్చారు.

మగవారి కోసం వేసెక్టమీ (మగవారి కు.ని. ఆపరేషన్)పై ఒక సమావేశం పెట్టాం. కోత లేదు, కుట్లు లేవు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, కాకపోతే మూడు నెలల దాకా వేరే జాగ్రత్త వాడాలి అని వైద్యులు వివరించారు. టీ, బిస్కెట్లు బాగా ఖర్చయ్యాయి. బలహీనత వస్తుందని, మూటలు మోయలేమని అందరిదీ ఒకటే మాట. ఇద్దరు మాత్రం వెళ్లిపోయాక విడిగా ఫోను చేశారు. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షను, వారం మాత్ర 'ఛాయ' 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఉన్నాయని ఆడవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఆపరేషన్ ఒక్కటే మార్గం అనుకుంటున్నారు.

మన ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి వచ్చే కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పాలా? ఒంటినొప్పులకు, నెలసరి నొప్పికి షాపులో కొని మింగే నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు. గర్భం నిలిచినప్పుడే బీపీతో పాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోమని ఊరూరా చెప్పాం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యుల పరీక్ష ఉచితం, దాన్ని వాడుకోండి. ఐరన్ మాత్రలు టీతో వేసుకోవద్దు. రాష్ట్రంలో నూటికి 59 మంది ఆడవాళ్లు రక్తహీనులు, పంచిన మాత్రలు గూట్లోనే ఉండిపోతున్నాయి.

సమావేశం ముందున్న తీర్మానాలు

ఒకటి, జీడి పరిశ్రమల్లో మరుగుదొడ్ల గురించి కార్మిక శాఖకు వినతిపత్రం. ముసాయిదా చదివి వినిపిస్తాం. రెండు, ఆపరేషన్ తప్పదని ఎవరైనా చెప్పిన స్త్రీలను మరో వైద్యుని దగ్గరకు తీసుకెళ్లే సభ్యులకు బస్సు చార్జీలు సంఘం నిధి నుంచి ఇవ్వడం. ఇప్పటిదాకా వాళ్లు సొంత డబ్బే పెట్టుకుంటున్నారు. దీనికి సభ్యత్వ రుసుము కొంత పెంచాలని కోశాధికారి ప్రతిపాదన. మూడు, వచ్చే కార్యవర్గంలో సగం పదవులు ఆడవాళ్లకు. మూడో తీర్మానంపై కిందటేడు చర్చ భోజనాల వేళ దాకా సాగి వాయిదా పడింది కాబట్టి ఈసారి దాన్నే మొదట చేపడదాం.

గౌరవ కార్యదర్శి