మన వార్షిక నివేదిక: బీరువాలోని టేపులు, ఈ ఏడాది చేసిన డీవీడీలు

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు విడిగా పంపాం. ఉగాది కవి సమ్మేళనం, వేసవిలో పిల్లలకు పద్యం నేర్పే తరగతులు ఎప్పట్లాగే జరిగాయి. ఈ ఏడాది మన టైమంతా పట్టింది ఒక్క పనికే, బీరువాలో మూలుగుతున్న పద్యనాటకాల వీహెచ్‌ఎస్ టేపుల్ని డీవీడీలకు ఎక్కించడం. యూట్యూబ్‌లో పెడితే సరిపోదా అని కొందరు అడిగారు. ఆ నాటకాల్లో వేషాలు కట్టిన పెద్దల ఇళ్లలో చాలాచోట్ల ఇంకా డీవీడీ ప్లేయరే ఉంది, ముందు వాళ్లు చూడాలి, అందుకే డిస్కు.

మొదటి విడత సరిగ్గా రాలేదు, తప్పు మాదే. డీవీడీలో వీడియోకి సెకనుకు 9,800 కిలోబిట్ల డేటా దాకా ఇవ్వొచ్చు కాబట్టి, ఎంత ఎక్కువిస్తే బొమ్మ అంత బాగుంటుందని అక్కడే పెట్టేశాం. గంటకో డిస్కు నిండిపోయి మూడు గంటల నాటకానికి మూడు డిస్కులయ్యాయి. కంప్యూటర్లో చక్కగా ఆడినవే పెద్దల ఇళ్లలో ఆగి ఆగి నడిచాయి. మనం బర్న్ చేసిన డిస్కు నుంచి అంత వేగంగా డేటా లాగాలంటే పాత ప్లేయర్లు తడబడతాయి. పద్యం చివర రాగం తీస్తున్న చోట బొమ్మ బిగుసుకుపోతే, ఆ పాడినాయన టీవీ ముందు కూర్చుని చూస్తుంటే, పక్కనున్న మాకు చాలా బాధనిపించింది.

రెండోసారి భయపడి నాటకం మొత్తాన్నీ ఒకే డిస్కులో కుక్కాం. అప్పుడు వీడియోకి సెకనుకు సుమారు 3,100 కిలోబిట్లే మిగిలాయి. నీలం లైటు పడిన సీనులో కృష్ణుడు తల తిప్పగానే కిరీటం మీద చమ్కీలన్నీ గళ్లుగళ్లుగా విడిపోయి, ముఖం ఒక క్షణం పాటు మైనం ముద్దలా అయింది. కారణం వెతికితే వెనకున్న నల్ల తెర దగ్గర దొరికింది. పాత టేపులో ఆ నలుపు నిండా సన్నటి రవ్వలు కదులుతూ ఉంటాయి, ఎన్‌కోడర్‌కి (వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్‌కి) అవీ బొమ్మే కాబట్టి ఉన్న బిట్లలో సగం వాటికే పోస్తుంది, ముఖానికి మిగలవు.

అందుకే ఇప్పుడు ముందు ఆ రవ్వల్ని కొంచెం తగ్గించి, తర్వాతే లెక్క వేస్తున్నాం. 4.7 జీబీ డిస్కంటే 470 కోట్ల బైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు (కంప్యూటర్ దాన్నే 4.38 అని చూపిస్తుంది, కంగారు పడొద్దు). దాన్ని నాటకం నిడివితో, సెకన్లలో, భాగించాలి. 90 నిమిషాలకి దాదాపు 6,960 కిలోబిట్లు వస్తుంది, నూటికి నాలుగు జాగ్రత్తకోసం పక్కన పెట్టి, డాల్బీ ఆడియోకి 192 తీసేస్తే వీడియోకి 6,400 నిక్షేపంగా ఇవ్వొచ్చు. ఇంటర్వెల్ దగ్గర నాటకాన్ని రెండు డిస్కులుగా విడగొట్టాం, సగటు 6,400, ఎక్కడా 8,000 దాటకుండా, టూ పాస్ వీబీఆర్‌లో (అంటే వీడియోని రెండుసార్లు చదివి, అవసరాన్ని బట్టి బిట్లు ఎక్కువ తక్కువలు చేసే పద్ధతిలో). మొదటి పాస్‌లో ఎక్కడ కదలిక ఎక్కువుందో చూసుకుని రెండో పాస్‌లో బిట్లు అటు పంచుతుంది, రాత్రంతా మెషిన్ నడిచినా పర్వాలేదు. ఈ డిస్కులు ఎవరింట్లోనూ ఆగలేదు.

అవధానాల సంగతి వేరు. అందరూ కూర్చునే ఉంటారు, కెమెరా కదలదు, వీహెచ్‌ఎస్‌లో అసలే వివరం తక్కువ. వాటిని 720 బై 576 చుక్కల (పిక్సెళ్ల) బదులు 352 బై 576 సైజులో, సెకనుకు 3,000 కిలోబిట్ల దగ్గర చేస్తే మూడు గంటలూ ఒకే డిస్కులో శుభ్రంగా వచ్చాయి. 4,000 ఇచ్చి కూడా చూశాం, మాకు తేడా కనపడలేదు.

డిస్కు ఎప్పటికైనా పాడయ్యేదే. టేపు నుంచి దింపిన డీవీ ఫైళ్లు (డీవీడీ కోసం కుదించక ముందటి వీడియోలు), గంటకి 13 జీబీ చొప్పున, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఇళ్లలో దాచాం. వచ్చే ఏడాదికి బడ్జెట్‌లో అడుగుతున్నది మూడో హార్డ్ డిస్కు ఒక్కటే.

ఇంకా మీ అటకల మీద టేపులుంటే తెచ్చివ్వండి. రీలు మీద తెల్లగా బూజు కనపడితే మాత్రం ఇంట్లో వీసీఆర్‌లో పెట్టి చూడొద్దు, అలాగే తీసుకురండి. పెట్టె మీద ఏ ఊళ్లో ఆడింది, కృష్ణుడెవరు, హార్మోనియం ఎవరిదో గుర్తున్నంత వరకు రాసివ్వండి.