సరస్సు మీద రాత్రి పరుగులు: షెరీఫ్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కౌంటీ షెరీఫ్ గారికి,

మిన్నెసోటాలో మా ఇంటి ముందున్న సరస్సు గడ్డకట్టాక, దాని మీద రాత్రుళ్లు స్నోమొబైళ్లు (మంచు మీద నడిచే మోటారు బండ్లు) నడపడం గురించి మీకు రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

స్నోమొబైల్ ప్రమాదాల్లో ప్రాణాలు తీసేవి మనకు తెలియనివి కావు: మద్యం, అతివేగం, పలచటి ఐస్. రాష్ట్రంలో ఈ బండ్లకు వేగ పరిమితి గంటకు 50 మైళ్లు. చీకట్లో అంత వేగంగా వెళ్తే, ముందున్న నీరు హెడ్‌లైట్‌లో కనబడేసరికే ఆలస్యమైపోతుంది. పైగా ఐస్ అంతటా ఒకే మందం ఉండదు. వాగు కలిసేచోట అడుగున నీరు కదులుతూనే ఉంటుంది. నిరుడు మా పక్కింటి కుర్రాడు అక్కడే మునిగిపోయాడు. వాళ్లమ్మ ఇప్పటికీ సరస్సు వైపు కిటికీ తెర తీయదు.

డిసెంబరులోగా అక్కడ హెచ్చరిక బోర్డులు పెట్టించండి. వారాంతపు రాత్రుళ్లు గస్తీ వేసి, తాగి నడిపేవారిని ఆపండి. ఎప్పటిలోగా చేస్తారో దయచేసి బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
సరస్సు ఒడ్డున ఉండే ఒక తెలుగు నివాసి