14 ఏళ్ల పిల్లల మాట కోర్టు వినాలి

విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పెరిగే టీనేజ్ పిల్లలు ఒకరి ఇంటి నుంచి రెండోవారి ఇంటికి మారతామంటే ఆ మాట కోర్టు దాకా చేరడమే కష్టంగా ఉంది. ఎప్పుడో 5 ఏళ్ల వయసులో ఇచ్చిన కస్టడీ ఉత్తర్వు 14 ఏళ్లు వచ్చినా అలాగే నడుస్తుంటుంది, మార్చాలంటే మళ్లీ అమ్మో నాన్నో కేసు వేయాలి. మా బంధువుల అమ్మాయిని దగ్గర నుంచి చూశాను, 8 నెలలుగా వాయిదాలే, సర్దుకున్న బ్యాగు ఇంకా మంచం కిందే ఉంది, అమ్మ బాధపడుతుందని ఇప్పుడా పిల్ల ఆ మాట ఎత్తడమే మానేసింది, పరీక్షల టెన్షన్ కన్నా ఇదే ఎక్కువైంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం పిల్లల అభిప్రాయానికి వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలని స్పష్టంగా చెబుతోంది. అడిగిందల్లా ఒప్పుకోమని కాదు. కోపంలో అడిగి ఉండొచ్చు, ఎవరో నూరిపోసి ఉండొచ్చు, అది తేలాలనే జడ్జి తల్లిదండ్రులను బయట ఉంచి పిల్లలతో విడిగా మాట్లాడాలి. 12 ఏళ్లు దాటినవాళ్లు సొంతంగా చిన్న అర్జీ పెట్టుకునేలా, నెలలోపు విచారణ జరిగేలా, తుది నిర్ణయానికి ముందు సెలవుల్లో కొన్ని వారాలు వెళ్లాలనుకుంటున్న ఇంట్లో ఉండి చూసేలా నిబంధనలు మార్చాలి.