అమెరికా షట్‌డౌన్ సెగ మన ఇళ్లకీ తగిలింది

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా షట్‌డౌన్‌తో మనకేం పనిలే అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, 2025లో అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఖర్చుల బిల్లు పాస్ కాక అక్కడి ప్రభుత్వం మూతపడితే కార్మిక శాఖ వాళ్లు దాదాపు నెలపాటు ఎల్‌సీఏలు (విదేశీ ఉద్యోగికి ఇచ్చే జీతం, పని పరిస్థితుల గురించి కంపెనీ పెట్టే దరఖాస్తులు) చూడటమే ఆపేశారు, వాళ్లు దాన్ని ఓకే చేయకుండా హెచ్1బీ వర్క్ వీసాకి ఫైల్ చేయడం కుదరదు, మా కూకట్‌పల్లిలో పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడ్డారో కళ్లారా చూశా.

అసలు గొడవేంటి? హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీలు పొడిగించాలని డెమోక్రాట్లు, ముందు ప్రభుత్వం తెరిచాకే ఆ మాట అని రిపబ్లికన్లు. ఆ ఖర్చుల బిల్లు ముందుకెళ్లాలంటే వంద మంది ఉండే సెనేట్‌లో (అక్కడి ఎగువ సభ) మెజారిటీ ఉన్నా చాలదు, 60 ఓట్లు కావాలి, అప్పుడు రిపబ్లికన్లకి ఉన్నవి 53.

మన దగ్గర లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి, లేటయితే ఓట్ ఆన్ అకౌంట్ (బడ్జెట్ పాసయ్యేదాకా ఖర్చులకి తాత్కాలిక అనుమతి) ఉంది. అక్కడ ఎవరి కుర్చీ కదలదు, జీతం ఆగేది ఎయిర్‌పోర్టులో చెకింగ్ చేసే ఉద్యోగికి, అమెరికా కాంగ్రెస్ సభ్యులకి మాత్రం ఆగదు, ఇది చాలా అన్యాయం.

ఇలాంటప్పుడు మీ పేపర్లో కూడా ట్రంప్ ఏమన్నాడన్నది కాస్త తగ్గించి, వీసా పనుల్లో ఏది ఆగింది ఏది నడుస్తోంది అని రోజూ ఓ చిన్న బాక్సులో వేస్తే ఇక్కడి తల్లిదండ్రులకి చాలా ఉపయోగం.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్