ప్రైడ్ వేడుకలో తాడు పట్టుకునేవారు కూడా కావాలి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి నమస్కారం.

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తమ గుర్తింపును చాటుకుంటూ నడిచే ప్రైడ్ ఊరేగింపు జరిగిన మర్నాడు పత్రికల్లో వచ్చే ఫొటోలను నేను ఏటా శ్రద్ధగా చూస్తాను. ఇంద్రధనుస్సు జెండాలు, ప్లకార్డులు, వెలిగిపోయే ముఖాలు వాటిలో ఉంటాయి, ఉండవలసిందే. ఒక్కోసారి ఫొటో అంచున, నడిచేవారికీ వాహనాలకూ మధ్య తాడు పట్టుకుని నిలబడిన మనిషి కూడా సగం కనిపిస్తారు. నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే కాబట్టి, దాని గురించీ, దానికి చాలినంతమంది లేకపోవడం గురించీ మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను స్వయంగా క్వియర్ వ్యక్తిని, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల వంటివారిలో ఒకరిని, కాను. ట్రాన్స్‌జెండర్ స్నేహితురాలు ఒకరు అడిగితే ఒక పూట సాయానికి వెళ్లాను. ఆ రోజు ఆమె నడవనే లేదు. పోలీసు అనుమతి పత్రాలున్న ఫైలు చంకన పెట్టుకుని, మైకు సెట్టు వారితోనూ అంబులెన్సు వారితోనూ మాట్లాడుతూ పొద్దంతా గడిపింది. ఊరేగింపు తన ముందు నుంచే సాగిపోతుంటే రెండు నిమిషాలు ఆగి చూసి, మళ్లీ ఫోను చెవికి ఆనించుకుంది. ఏడాదికొకసారి వచ్చే ఆ రోజు ఎవరి కోసం పుట్టిందో, వారే దాన్ని పనుల్లో పోగొట్టుకోవడం నాకు అన్యాయంగా తోచింది. మరుసటి ఏడాది ఆ ఫైలు నేను తీసుకున్నాను, ఆమె నడిచింది.

నిజానికి ఈ వేడుక మొదటి నుంచీ ఇలాంటి చేతుల మీదనే నిలబడింది. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బారుపై పోలీసులు దాడి చేయగా 1969 జూన్ 28న మొదలైన క్వియర్ వ్యక్తుల తిరుగుబాటుకు ఏడాది నిండిన రోజున జరిగిన తొలి ఊరేగింపు కోసం క్రెయిగ్ రాడ్‌వెల్, బ్రెండా హోవార్డ్ తదితర ఉద్యమకారులు నెలల తరబడి సమావేశాలు జరిపారు. రాడ్‌వెల్ అపార్ట్‌మెంటే వారి కార్యాలయం, ఆయన పుస్తకాల దుకాణం ఖాతాదారుల చిరునామాలే వారి ప్రచార సాధనం. ఊరేగింపు అనుమతి పత్రం బయలుదేరడానికి రెండు గంటల ముందు మాత్రమే చేతికందిందని చదివినప్పుడు, ఆ రెండు గంటలకు ముందు గడిచిన రాత్రి వారికి ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా అర్థమైంది. కళాకారుడు గిల్బర్ట్ బేకర్ పేరుతో మనకు తెలిసిన ఇంద్రధనుస్సు జెండా కూడా 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ముప్పైమంది వాలంటీర్లు గుడ్డకు చేత్తో రంగులద్ది, కుట్టగా తయారైనదే. మన దేశంలో 1999 జూలై 2న కోల్‌కతాలో జరిగిన తొలి నడకలో పాల్గొన్నవారు పదిహేనుమంది మాత్రమే.

మా వాలంటీర్లు చేసే పనుల్లో అన్నిటికంటే సున్నితమైనది ఫొటోల సంగతి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పుతో వయోజనుల పరస్పర అంగీకార స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది కానీ, ఇంట్లోనూ ఉద్యోగంలోనూ భయం ఆ తీర్పుతోనే పోలేదు. అందుకే నమోదు బల్ల దగ్గర, ముఖం బయటపడకూడదనుకునేవారి చేతికి మేము ఎర్ర రిబ్బను కడతాము. కెమెరాలు పట్టుకున్నవారికి ఆ రిబ్బను అర్థమేమిటో ముందే చెబుతాము, నడకలో పక్కనే ఉండి గుర్తుచేస్తాము. అయినా రెండేళ్ల కిందట రిబ్బను ఉన్న ఒక యువకుడి ముఖం ఒక పత్రికలో స్పష్టంగా అచ్చయింది. అతను ఆ తరువాత మా దగ్గరకు రాలేదు, ఫోను కూడా తీయలేదు. ఆ వరసలో ఆ సమయానికి మా మనిషి ఎవరూ లేరు; ఇద్దరు చూడవలసిన చోట ఒకరే ఉండి, ఆ ఒకరూ ఎండకు సొమ్మసిల్లిన వృద్ధురాలికి నీళ్లివ్వడానికి వెళ్లారు. తప్పు కెమెరాదే అని ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మీ ఫొటోగ్రాఫర్లు ముందుగా మా బల్ల దగ్గరకు వచ్చి మాట్లాడితే ఎంతో మేలు జరుగుతుందని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

బట్టలు మార్చుకునే గది దగ్గర కూర్చోవడం కూడా ఒక పనేనా అని కొందరు అడుగుతారు. ఇంటి నుంచి ఒక వేషంలో వచ్చి, తనకు నచ్చిన బట్టల్లో మూడు గంటలు నడిచి, తిరిగి పాత వేషంలోకి మారేవారికి ఆ గది తప్ప వేరే చోటు లేదు. పోయిన ఏడాది సాయంత్రం ఒకరు దూదితో పెదవుల రంగు తుడుచుకుంటూ, ఇంకా ఎక్కడైనా మిగిలిందేమో చూడమన్నారు. ఫోను లైటు వేసి చూశాను. చెవి వెనుక కాస్త మెరుపు పొడి ఉంది. అది పోయేదాకా ఇద్దరమూ తుడిచాము. బస్సుకు వేళవుతోందని ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఇక నీళ్లు మోయడం, చక్రాల కుర్చీలో వచ్చేవారి వేగానికి ఊరేగింపు ముందువరసను నిదానింపజేయడం, అంబులెన్సు వస్తే క్షణంలో దారి తీయడం, అందరూ వెళ్లాక కాగితపు ముక్కలు ఏరి మైదానాన్ని ఉన్నట్టు అప్పగించడం వంటివి ఎవరైనా నేర్చుకోగలిగినవే. వేడుకకు ముందు ఒక పూట శిక్షణ సరిపోతుంది. ఈ వేడుకకు మద్దతు తెలపాలనుకునే క్వియరేతర మిత్రులు చాలామంది జెండా పట్టుకుని నడవడానికి వస్తున్నారు, సంతోషమే. వారిలో సగంమంది అయినా ఆ రోజు నాలుగు గంటలు తాడు దగ్గరకో, నమోదు బల్ల దగ్గరకో, ఆ గది తలుపు దగ్గరకో వస్తే, ఇప్పుడు అక్కడ నిలబడి ఉన్న క్వియర్ వ్యక్తులు అంతమంది ఊరేగింపులోకి వెళ్లగలుగుతారు.

వచ్చే వేడుక తేదీ ప్రకటించేటప్పుడు, వాలంటీర్లు కావాలన్న మాటను కూడా అదే వార్తలో అచ్చువేయవలసిందిగా ప్రార్థన. నా స్నేహితురాలు ఈసారి కూడా నడవాలనుకుంటోంది.

ఇట్లు,
ఒక వాలంటీరు