తవుడు గాడికి తవుడు గురించి

పర్లాకిమిడి,
ఆదివారం పొద్దున్న

ఒరే తవుడూ,

ముందు తిట్టుకోవడం కానియ్. సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం మాఘంలో రాస్తున్నాను. మధ్యలో ఒకసారి మొదలుపెట్టాను కూడా, కరెంటు బిల్లు వెనకాల. ఆ బిల్లుతో పాటే అదీ పోయింది. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నది పరీక్షలకి చదువుతున్నానంటోంది. పెరటి గోడ ఇంకా పడలేదు. కబుర్లు అయిపోయాయి.

అసలు సంగతి విను. జపాన్‌లో నీ పేరు మీద ఊరగాయ ఉందిరా! నవ్వకు. నిన్ను చేటెడు తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కున్న మీ అమ్మకి ముందు చెప్పు. అక్కడ తవుడులో ఉప్పూ నీళ్ళూ కలిపి, అందులో ముల్లంగీ కేరట్టూ పాతిపెడతారు. మర్నాటికి తీసి, కడిగి, ముక్కలు కోసుకుని తినడమే. నుకజుకె అంటారట.

ఇదంతా మా మేనకోడలి పుణ్యం. ఒసాకా నుంచి పండక్కి వస్తూ ఒక సోయా సాస్ సీసా, కొంబు అని ఎండిన సముద్రపు నాచు తెచ్చింది. నాచు చూస్తే పాత చెప్పు తోలే. సాస్ మాత్రం నూడుల్స్ బండి దగ్గరి నల్లనీళ్ళు కాదు. వచ్చిన మర్నాడే ముల్లంగి ఆకు సన్నగా తరిగి, నువ్వుల నూనెలో వేయించి, ఎండు నెత్తళ్ళు, నువ్వులు వేసి, దించే ముందు ఆ సాస్ ఒక చెంచా తిప్పింది. మూళా శాగ, అదే ముల్లంగి ఆకు, ఇక్కడ ఎవరూ పారెయ్యరు, నీకు తెలుసు. కానీ వేడన్నంలో ఇది... సరే, నెత్తళ్ళ గురించి నీ దగ్గర ఎక్కువ మాట్లాడకూడదు, మూడో నంబరు గది బకెట్టు గుర్తొస్తుంది. తర్వాత నేనూ చేశాను. అలవాటు కొద్దీ ఉప్పేశాను. సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుందని నోట్లో పెట్టుకున్నాక గుర్తొచ్చింది. తొక్కల్ని కూడా వదల్లేదు ఆ పిల్ల. అగ్గిపుల్లల్లా తరిగి, ఎండుమిరపతో వేయించి, సాసూ చిటికెడు పంచదారా.

తవుడు మాట అప్పుడే ఎత్తింది. 1910లో ఉమెతారో సుజుకీ అనే ఆయన తవుడులోంచే బెరిబెరిని తగ్గించే పదార్థం తీశాడట. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిని జనం కాళ్ళు వాచి పడిపోయే రోజులవి. మనం మిల్లులో వదిలేసి వచ్చేది అదేరా, నీ పేరు.

ఆ పిల్ల వెళ్ళిపోయింది, నాకు పట్టుకుంది. పక్కింటి గేదె బస్తాలోంచి తెచ్చుకున్నాను. హల్లర్ మిల్లు తవుడు, సగం ఊకే. పైగా ఎప్పటిదో. తవుడులో నూనె ఉంటుంది కదా, నాలుగు రోజులకే కనరెక్కిపోతుంది. వారానికి ఇంట్లో పెయింటు వేస్తున్నట్టు వాసన. రోజూ అడుగు నుంచి పైకి తిరగెయ్యాలి, నేను రోజు విడిచి రోజు తిప్పాను. మా ఆవిడ ఒక్క మాటే అంది: "ఇంత ఉప్పు కలిపారు, ఇప్పుడు గేదె కూడా తినదు." కొబ్బరి చెట్టుకి దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. అమ్మ అరుగు మీంచి చూస్తూ, "ఏట్రా, కుడితికి దినం పెడతన్నావేటి?" అంది.

రెండోసారి మిల్లు దగ్గర నిలబడి, అప్పుడే పడ్డ తవుడు పట్టించుకుని వచ్చాను. దోరగా వేయించాను. కిలోకి 130 గ్రాముల ఉప్పు, లీటరుకి కాస్త తక్కువ నీళ్ళు, రెండు ఎండుమిరపకాయలు, అల్లం, ఆ చెప్పు తోలు ముక్క. మొదటి పది రోజులు క్యాబేజీ ఆకులు, ముల్లంగి తోకలు వేసి, ఊరాక పారెయ్యాలి. అవి పులుపు పుట్టించడానికే, తినడానికి కాదు. పన్నెండు రోజులు మనసు పెట్టి తిప్పాను. సరిగ్గా అప్పుడు బరంపురంలో పెళ్ళి. నాలుగు రోజులు! మోకాళ్ళ వల్ల అమ్మ రానంది. కుండ సంగతి అమ్మకి చెప్పలేదు, చెప్తే ఏమంటుందో తెలుసు కదా. పెళ్ళిలో లడ్డూ నోట్లో పెట్టుకున్నా నాకు పెయింటు వాసనే. కందగడ్డ మాష్టారు కనిపించారు, అది ఇంకో ఉత్తరం.

రాత్రి దిగాం. పెరట్లో కుండ లేదు. పారబోసేసిందనుకున్నాను. వంటింట్లోకి వెళ్తే మూలన, పీట మీద, తడిగుడ్డ కట్టి ఉంది. మూత తీశాను. పుల్లగా, కమ్మగా... ఏదో తెలిసిన వాసన, పేరు రావడం లేదు. వెనక నుంచి అమ్మ అంది, "తరవాణి కుండరా అది. మూడు పూటలు చూసి, నువ్వు తిప్పవని నేనే తిప్పాను."

గంజీ అన్నం పులియబెట్టే ఆ పాతింటి తరవాణి కుండ గుర్తుందా? వేసవి సెలవుల్లో నువ్వు మూత తీసి అందులో... ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ తెలీదు. నాన్న పోయిన ఏడే అది పగిలింది. మళ్ళీ పెట్టలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నిన్న చద్దన్నంలో ఆ ముల్లంగి ముక్క కొరుక్కుంటూ, కళ్ళు మూసుకుని నములుతోంది. అప్పుడు అడుగుదామనుకున్నాను గానీ

సరే. ఇప్పుడు కుండ ఆవిడదే. నన్ను ముట్టుకోనివ్వడం లేదు, చెయ్యి మారితే రుచి మారుతుందట. జపాన్‌లోనూ అదే అంటారని చెప్తే, "వాళ్ళకేటి తెలుసు" అంది.

మా బావమరిది టెక్కలి బస్సుకి వస్తున్నాడు. వాడితో ఒక డబ్బాలో గుప్పెడు తవుడు పంపుతున్నాను, అమ్మని బతిమాలి తీసుకున్నది. కొత్త తవుడులో కలుపు, త్వరగా పట్టుకుంటుంది. ఎండలు ముదిరాక రోజుకి రెండుసార్లు తిప్పాలి. మూత గట్టిగా బిగించకు, గాలి పొంగి... వాడు బయట హారన్ కొడుతున్నాడురా, బస్సులో వాసన వస్తే తన పేరు చెప్పొద్దంటున్నా