ఛార్జర్ సంగతి తర్వాత, ముందు మీటరు చూడమనండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కరెంటు పొదుపు మీద పేపర్లో చిట్కాలు వచ్చిన ప్రతిసారీ ఫోన్ ఛార్జర్ ప్లగ్ తీసేయమనే మాట తప్పకుండా ఉంటుంది. తీసేస్తే మంచిదే, కానీ ఇప్పటి ఛార్జర్లు ఫోన్ తగిలించనప్పుడు లాగేది ఒక వాట్‌లో చిన్న భాగం, ఏడాదంతా అలాగే వదిలేసినా ఒకటి రెండు యూనిట్లు దాటడం కష్టం. జనం అది పీకేసి పొదుపు అయిపోయిందనుకుంటున్నారు, అసలు లాగేవి, అంటే ఆఫ్ చేశామనుకున్నా స్టాండ్‌బైలో ఉండి కరెంటు తినే వస్తువులు, పక్క బోర్డులో రాత్రీ పగలూ లాగుతూనే ఉన్నాయి. దయచేసి ఈసారి చిట్కాల బదులు, ఎవరింట్లో ఏది ఎంత లాగుతుందో వాళ్లే కనుక్కునే పద్ధతి వేయండి.

ఏడాదికి 8,760 గంటలు. అంటే ఆగకుండా ఒక్క వాట్ లాగే వస్తువు ఏడాదికి 8.76 యూనిట్లు తింటుంది, పది వాట్లు లాగేదైతే 87.6 యూనిట్లు. పాత సెట్‌టాప్ బాక్సులు చాలావాటిలో రిమోట్‌తో ఆఫ్ చేస్తే ముందు లైటు రంగు మారుతుందంతే, లోపల దాదాపు అంతా నడుస్తూనే ఉంటుంది, రికార్డింగ్ ఉన్న బాక్సయితే ఆ పది వాట్లు కూడా దాటిపోవచ్చు.

కనుక్కోవడానికి ఏమీ కొనక్కర్లేదు. ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది, దాని పక్కనే ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది, 1,600 అనో 3,200 అనో. లైట్లు, ఫ్యాన్లు, టీవీ అన్నీ మీరు రోజూ పడుకునే ముందు ఆపినట్టే ఆపండి, ఫ్రిజ్ ఒక్కటి మాత్రం ఆ పావుగంట స్విచ్ దగ్గర ఆపండి, లేకపోతే మధ్యలో కంప్రెసర్ ఆన్ అయి లెక్క చెడిపోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అప్పటికి ఫుల్‌గా ఛార్జ్ అయి ఉండాలి. ఇప్పుడు ఒక మిణుకుకీ ఇంకో మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 3,200 మీటరైతే 1,125ని ఆ సెకన్లతో భాగించాలి, 1,600 మీటరైతే 2,250ని. వచ్చేదే వాట్లు. 3,200 మీటరు 45 సెకన్లకోసారి మిణికిందంటే అన్నీ ఆపేశామనుకున్న ఇంట్లో 25 వాట్లు పోతున్నట్టు, ఏడాదికి 219 యూనిట్లు! ఆ తర్వాత మెయిన్ బోర్డులో ఉండే ఎంసీబీ స్విచ్‌లు ఒక్కొక్కటే దించుతూ చూస్తే ఏ గదిలోనో తెలుస్తుంది, ఆ గదిలో ఒక్కో ప్లగ్ తీస్తూ పోతే వస్తువే దొరుకుతుంది. ఈ పని చేసేటప్పుడు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ లాంటి వైద్య పరికరం నడుస్తుంటే దాని జోలికి మాత్రం వెళ్లొద్దు.

తీగ చుట్టూ పట్టించే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి వోల్టేజ్‌తో గుణించే వాళ్లున్నారు. స్టాండ్‌బైలో ఉన్న వస్తువులకి పవర్ ఫ్యాక్టర్ (అలా గుణించిన అంకెలో అసలు వాట్ల వంతు) చాలా తక్కువ కాబట్టి అలా వచ్చే అంకె అసలు వాట్ల కంటే బాగా ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

జనం అనుమానించనివి కొన్ని చెప్పాలి. పాట ఆగినా ఆన్‌లోనే ఉండే స్పీకర్ ఆంప్లిఫయర్, వెంటనే తెరుచుకునే మోడ్‌లో పెట్టిన గేమ్ కన్సోల్, షట్‌డౌన్ చేసిన డెస్క్‌టాప్, ముట్టుకుంటే వెచ్చగా తగిలే పాత బరువైన అడాప్టర్లు. కొన్ని ఏసీల్లోనైతే రిమోట్‌తో ఆపినా బయటి యూనిట్‌లో కంప్రెసర్‌ని వెచ్చగా ఉంచే హీటర్ పనిచేస్తూనే ఉంటుంది, అది పదుల వాట్లు. వాడని నెలల్లో దాన్ని మెయిన్ దగ్గర ఆపొచ్చు, కానీ మళ్లీ వాడబోయే ముందు ఎన్ని గంటలు కరెంటు ఇచ్చి ఉంచాలో మాన్యువల్లో చూసుకోవాలి, లేకపోతే కంప్రెసర్‌కే దెబ్బ. వైఫై రౌటర్ సంగతి ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లది.

ఇదంతా వాడేవాళ్ల బాధ్యత అని వదిలేయడం నాకు నచ్చదు. అభివృద్ధి చెందిన దేశాల్లో ఇళ్ల కరెంటులో 5 నుంచి 10 శాతం ఇలా స్టాండ్‌బైకే పోతోందని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల లెక్క. ఏ వస్తువైనా స్టాండ్‌బైలో ఒక వాట్ దాటకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది. యూరోపియన్ యూనియన్ డిస్‌ప్లే లేని మామూలు వస్తువులకి 2010 నుంచి దాన్ని రూల్ చేసి, 2013లో అర వాట్‌కి దించింది. రూల్ వచ్చాక కంపెనీలు చేసి చూపించాయి, అంటే అంతకు ముందూ చేయగలిగేవే, అడిగేవాళ్లు లేరు. ఆ అర వాట్‌లోనూ ఒక మెలిక ఉంది. టీవీ సెట్టింగ్స్‌లో వెంటనే తెరుచుకునేలా చేసే క్విక్ స్టార్ట్ ఆన్ చేస్తే అంతకంటే చాలా ఎక్కువ లాగేవి ఉన్నాయి, ఆ సంగతి ఆన్ చేసే చోట చాలాసార్లు రాసి ఉండదు.

అందుకే మీ పత్రికకి నా విన్నపం. కొత్త టీవీల మీద, సౌండ్‌బార్ల మీద రివ్యూలు వేస్తారు కదా, వాటిలో బొమ్మ, శబ్దం, ధరతో పాటు స్టాండ్‌బై వాట్లు కూడా మీరే కొలిచి వేయండి, క్విక్ స్టార్ట్ ఉన్నప్పుడు ఎంతో లేనప్పుడు ఎంతో రెండూ వేయండి. అలాంటివి కొలవడానికి ప్లగ్ మధ్యలో పెట్టే చిన్న మీటరు చాలు, ఒకటి రెండు వాట్ల దగ్గర తడబడే రకమైతే రోజంతా ఉంచి మొత్తం యూనిట్లు చూసి, 1,000తో గుణించి 24తో భాగిస్తే వాట్లు వస్తాయి.

ఇట్లు,
మీ పాఠకుడు